శబ్దం లేకుండా చూసిన సినిమా

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక కుటుంబ హాస్య సినిమా తీసి, "అవ్వా, దీన్ని మా చిన్నది చూడొచ్చా?" అని అడిగింది. "సౌండు బాగా పెట్టి, దాన్ని నా పక్కన కూర్చోబెట్టు. మొదటినుంచీ చూసి చెప్తాను" అన్నాను. "రెండున్నర గంటలా అవ్వా!" అని నవ్వి, తనకు తోచింది తను చేసుకుంది. నవ్వితే నవ్వనీ. ఈ జవాబు నాకు ఊరికే రాలేదు. మీలాంటి చిన్నవాళ్ళకు ఒకసారైనా చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కేజీఎఫ్‌లో, అదే కోలారులో, బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు నేను సంక్షేమం ఆఫీసులో సహాయకురాలిగా చేరాను. మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో దిగినవాడు, మా నాన్నా అక్కడే చేశాడు. నా పని కార్మికుల ఇళ్ళకు వెళ్ళడం, ఆడవాళ్ళకు కుట్టు క్లాసులు చూడడం, శనివారం మధ్యాహ్నం క్లబ్ హాలులో పిల్లలకు సినిమా వేయించడం. మూడోదానికే నాకు పేరొచ్చింది. పిల్లలు నన్ను "సినిమా అమ్మ" అనేవాళ్ళు. ఎదురుగా కాదనేదాన్ని గానీ, లోపల భలే మురిసిపోయేదాన్ని.

సినిమా పిల్లలకు తగినదా కాదా అని ముందే చూసి సంతకం పెట్టాల్సింది నేను. దానికొక ఫారం ఉండేది. తాగుడు ఉందా, ముద్దులు ఉన్నాయా, కత్తులు దూయడం ఉందా, దయ్యాలు ఉన్నాయా, పెద్దలను వెక్కిరించడం ఉందా, ఇలా పదకొండు ప్రశ్నలు. నేను పెన్సిలు పట్టుకుని కూర్చుంటే నవ్వు వచ్చే చోట కూడా నవ్వేదాన్ని కాదు. ఒకసారి కోడలు అత్త మీద చెంబెడు నీళ్ళు పోసిందని ఒక సినిమాను తిప్పి పంపాను. ఆ చెంబు సంగతి మా ఆఫీసులో ఏడాది పాటు చెప్పుకుని నవ్వారు.

సినిమా ఆడించే ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. తమిళం ఇంటి భాష, తెలుగు వీధి భాష. అంతకుముందు గని లోపల రాయికి రంధ్రాలు వేసే డ్రిల్లు పట్టి పట్టి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అందుకే పైకి తెచ్చి ఈ పని ఇచ్చారు. తనకు వినిపించేదాకా సౌండు పెంచేవాడు. అది అందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు.

హాలులో పిల్లలకే చోటు చాలేది కాదు. తల్లులు బయట వరండాలో, మెట్ల మీద, ఎదురుగా గోడ నీడన కూర్చుని రాగులు చెరుగుతూ, తలలు దువ్వుకుంటూ కాచుకునేవాళ్ళు. పాపం ఊరికే కూర్చుంటున్నారని నేనే వరండాలో ఒక లౌడుస్పీకరు హారన్ కట్టించాను. అప్పటినుంచి లోపల పిల్లలు సినిమా చూసేవాళ్ళు, బయట తల్లులు సినిమా వినేవాళ్ళు. కొందరు మాటలన్నీ కంఠతా పట్టి ఇంటికెళ్ళి మొగుళ్ళకు చెప్పేవాళ్ళు. నేను చేసిన మంచి పనుల్లో అదొకటని ఇప్పటికీ అనుకుంటాను. తరువాత జరిగింది దాని తప్పు కాదు.

ఇంకొక్కటి చెప్పాలి. మా ఊరి రోజంతా గని కూత, అదే హూటర్ మీదే నడిచేది. షిఫ్ట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది కూసేది. పగటి షిఫ్ట్ నాలుగు గంటలకు దిగుతుంది కాబట్టి ప్రతి శనివారం సినిమా మధ్యలో హూటర్ మోగేది. ఒక్కరు కూడా తల తిప్పేవాళ్ళు కాదు. వేళ కాని వేళ మోగితే మాత్రం పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్ళు మనుషులు గనిలోకి దిగే షాఫ్ట్ వైపు పరిగెత్తేవాళ్ళు. లోపల ఏదో కూలింది, ఎవరో పోయారు అని దాని అర్థం. నా చిన్నప్పుడు మా అమ్మ కొంగు పట్టుకుని నేనూ రెండుసార్లు పరిగెత్తాను. ఇదంతా తెలిసిన మనిషినే నేను.

ఆ వారం వచ్చినది ఒక తెలుగు హాస్య సినిమా. మిల్లు మేనేజరు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ఇంట్లో మాట వినని ఒక తాత. గురువారం చూడడానికి కూర్చుంటే బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. యంత్రంలో శబ్దానికి వేరే బల్బు ఉంటుంది. అది మాడిపోయింది. కొత్తది బెంగళూరు నుంచి శనివారం పొద్దున గానీ రాదన్నారు.

"బల్బు రానీమ్మా" అన్నాడాయన. "సత్తం లేకుండా చూస్తే అది సినిమానా? శనివారం పొద్దున్నే ఆడిస్తా, కూసోని చూడు."

"శనివారం పొద్దున నాకు కుట్టు క్లాసు ఉంది అన్నా. మాటల పుస్తకం రీళ్ళ పెట్టెలోనే ఉంది కదా. చదువుకుంటూ చూస్తాను."

"నీ ఇష్టం. నాకు ఒక చెవే లేదు. నువ్వు రెండూ మూసుకోని చూస్తా ఉండావు."

అప్పటికి నేను ఏడేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. నవ్వి ఊరుకున్నాను. మాటల పుస్తకం వరుసగా చదివాను, ఒక్క చెడ్డ మాట లేదు. మూడో రీలులో, కొడుకు అన్నానికి ఇంటికి రావడం లేదని తాత మిల్లులోకి దొంగతనంగా దూరి గోడకున్న తాడు పట్టి లాగుతాడు. పనివాళ్ళంతా క్యారియర్లు పట్టుకుని బయటికి వచ్చేస్తారు. మేనేజరు వాళ్ళను ఆపబోయి బురదలో పడతాడు. గంట కొట్టాడు కాబోలు అనుకున్నాను. పుస్తకంలో ఆ చోట మాటలేవీ లేవు. పదకొండు ప్రశ్నలకూ "లేదు" అని రాసి, "చిన్నపిల్లలు చూడదగినది" అని సంతకం పెట్టాను. చాలా రోజులకు ఒక్క వంకా పెట్టలేని సినిమా దొరికిందని సంతోషపడ్డాను కూడా.

శనివారం బల్బు వచ్చింది. రెండు గంటలకు సినిమా మొదలైంది. పిల్లలు ఒకటే నవ్వులు. హారన్‌లో తాత మాటలు విని బయట తల్లులూ నవ్వుతున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మూడో రీలు వచ్చింది. తాత తాడు లాగాడు.

అది గంట కాదు, మిల్లు హూటర్. మా ఆపరేటరు పెంచిన సౌండులో అది హాలంతా నిండి, హారన్ లోంచి వీధిలోకి దూకింది. నాలుగు గంటలకు ఇంకా చాలాసేపు ఉంది.

లోపల పిల్లలకు తాత కనిపిస్తున్నాడు. బయట తల్లులకు ఏ తాతా కనిపించడం లేదు. చేటలు కింద పడ్డ చప్పుడు, ఒకామె పెట్టిన కేక, ఇంకొకామె పెట్టిన కేక. ఆ కేకలు విన్నాక లోపలి పిల్లలకు కూడా తెర మీద తాత కనిపించలేదు. బెంచీలు తోసుకుంటూ రెండు తలుపుల్లోంచీ బయటపడ్డారు. నేను చేతులు చాచి "సినిమా! అది సినిమాలో హూటర్!" అని అరుస్తున్నాను. ఎవరు వింటారు? అప్పటికే పక్క వీధుల వాళ్ళు కూడా పరుగెత్తుతున్నారు.

నేనూ వాళ్ళ వెనకాలే పరుగెత్తాను. ఒకామె చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించేసింది.

"యాడమ్మా సినిమా? నాకు చెవుల్లేవా? మా ఆయప్ప లోపలుండాడు, వదులు!"

షాఫ్ట్ గేటు దగ్గర పెద్ద గుంపు చేరింది. ఫోర్‌మన్ బయటికి వచ్చి, లోపల ఏమీ కాలేదు, అందరూ క్షేమం, అసలు హూటర్ మోగనే లేదు అని పదిసార్లు చెప్పాడు. నెమ్మదిగా నమ్మారు. నమ్మాక అందరూ నావైపు తిరిగారు. తల తీసేసినట్లయింది. తిట్టినవాళ్ళకంటే, పరుగులో పడి మణికట్టు విరిగిన ఒక ముసలామె ఏమీ అనకుండా నన్ను చూసిన చూపు ఎక్కువ బాధపెట్టింది.

అందరూ వెళ్ళిపోయాక గేటు కడ్డీలు పట్టుకుని ఒక పాప మిగిలింది. ఆరేళ్ళుంటాయి. రెండో వరుస బెంచీలో కూర్చునే పాప, ఆండర్సన్‌పేట వాళ్ళమ్మాయి. తల్లి ఆ రోజు హాలుకు రాలేదు. అంత దూరమూ ఒక్కతే పరుగెత్తి వచ్చింది, కాలికి చెప్పులు కూడా లేవు.

"రామ్మా, ఇంటికి పోదాం. మీ నాయనకు ఏమీ కాలేదు."

"రాను. మా నాయన్ని చూసినాకే వస్తా."

నాలుగు గంటలకు అసలు హూటర్ మోగింది. పాప ఉలిక్కిపడి కడ్డీలు ఇంకా గట్టిగా పట్టుకుంది. మగవాళ్ళు పైకి వచ్చారు. వాళ్ళ నాన్న రాగానే ఆయన ముఖమంతా చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు ఏడ్చింది.

సోమవారం మా ఆఫీసరు పిలిచారు. బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన కన్నడం ఆయన. మంచివాడే, కానీ గొడవంటే భయం. సౌండు అంత పెంచినందుకు ఆపరేటరు మీద ఒక మెమో రాసి ముగిద్దామన్నారు.

"సార్, సౌండు ఆయన ఎప్పుడూ పెట్టినంతే పెట్టినాడు. తప్పు నాది. నేను శబ్దం లేకుండా చూసి సంతకం పెట్టినాను" అన్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే సాకు, చాలమ్మా ఈ సినిమాలు. పిల్లలకు ఇంక బేడ, వద్దు. ఆ పెట్టె ఈ రోజే తిప్పి పంపించేయండి."

తప్పు ఒప్పుకోవడం కష్టం కాదు. ఒప్పుకున్నాక ఇంటికెళ్ళి ముసుగు తన్ని పడుకోవడం ఇంకా సులువు. నేను అదే చేసేదాన్నేమో. కానీ గురువారం ఆ పాప నాన్న ఆఫీసుకు వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రాప్పా" అన్నాను.

"అమ్మా, నీ మీద కోపంతో రాలేదు. మా పాప దినమూ గేటుకాడికొస్తా ఉండాది. బడి గంట కొట్టకముందే సంచి యాడో పారేసి లగెత్తుతాది. హూటర్ కూస్తే ఒళ్ళంతా వణుకు. కొట్టి చూసినాం, బొమ్మ కొనిచ్చి చూసినాం. వచ్చే నెల నాకు రాత్రి షిఫ్ట్ పడతాది. అప్పుడేం చేస్తాదో అని మా ఇంటిదానికి నిద్ర లేదు."

"నేనేం చెయ్యగలనప్పా?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

"ఏమో తల్లీ. ఆ కూత నువ్వు పెట్టినదేనంట గదా. నువ్వే తియ్యాల."

ఆ మాట అని ఆయన వెళ్ళిపోయాడు. నేను లేచి పెట్టె వెతికాను. పంపమన్నారు గానీ పంపలేదు. మా ఆపరేటరు దాన్ని మూలన పెట్టి, పైన పాత తెర కప్పి ఉంచాడు.

"ఏమన్నా, ఇది ఇంకా ఇక్కడే ఉందే?"

"నువ్వు ఎట్లా అయినా అడుగుతావని తెలుసు. నీ మొండితనం నాకు తెలవదా?"

పెట్టెను నా బల్ల కింద పెట్టుకుని ఆఫీసరు గదికి వెళ్ళాను. ఆ పాప ఆ సినిమాను మొదటినుంచీ చివరిదాకా చూడాలి, శబ్దంతో చూడాలి, పక్కన వాళ్ళ నాన్న ఉండాలి అన్నాను. ఆయన వద్దన్నారు. మళ్ళీ భయపడితే ఎవరు బాధ్యులు అన్నారు. నేనే, రాసిస్తాను అన్నాను. ఆయన కుదరదన్నారు. నేను మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను, మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. మూడోసారి చెప్పాను: "సార్, పిల్లలకు తగినదా కాదా అని నేను చూసి చెప్పినాను, తప్పు చెప్పినాను. ఈసారి ఆ పాపే చూసి చెప్తాది. వద్దంటే ఆ రోజే పెట్టె పంపించేస్తాను, శనివారం సినిమాల మాట కూడా ఇంక ఎత్తను." ఆయన నా పోరు పడలేక ఒప్పుకున్నారు. తను కూడా వస్తానన్నారు, అది నేను అడగలేదు.

ఆదివారం పొద్దున. హాలు తలుపులన్నీ తెరిచి పెట్టాం, బొమ్మ వెలిసిపోయినట్టు కనిపించినా పరవాలేదనుకున్నాం. వరండాలో హారన్ తీగ తీసేశాం. చీకటి లేదు, గుంపు లేదు. పాప, వాళ్ళ నాన్న, తల్లి, మణికట్టుకు కట్టుతో ఆ ముసలామె, ఇంకో నలుగురు తల్లులు. వెనక ఆఫీసరు. ఫారం ఇంట్లోనే వదిలేసి నేను పాప పక్కన నేల మీద కూర్చున్నాను.

మొదటి రెండు రీళ్ళూ పాప నవ్వలేదు. నాన్న లుంగీ అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. మూడో రీలు మొదలవగానే నేను చెప్పాను.

"పాపా, ఇప్పుడు ఆ తాత వచ్చి ఒక తాడు లాగుతాడు. అప్పుడు కూస్తుంది. వద్దంటే ఇప్పుడే ఆపిస్తాను."

పాప తండ్రి ముఖం చూసింది. "లాగనీ" అంది.

తాత తాడు లాగాడు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుని నాన్న ఒళ్ళో తల పెట్టేసింది. మా ఆపరేటరు యంత్రం ఆపేశాడు. వెనక ఆఫీసరు కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది. ఇక అయిపోయిందనుకున్నాను.

పాప తల ఎత్తింది.

"ఇంగోసారి పెట్టు."

రీలు వెనక్కి తిప్పి మళ్ళీ ఆడించాడు. ఈసారి ఒక చెవి వదిలేసింది. మూడోసారి రెండు చేతులూ దించి, తల ఒక పక్కకు వంచి, చివరిదాకా విన్నది. తరువాత నావైపు తిరిగి, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చెప్పింది.

"ఇది మన హూటర్ కాదు."

"అవునా?"

"మనది లావు గొంతు. మొదట్లో దగ్గుతాది, అప్పుడు కూస్తాది. ఇది ఉత్త ఈల."

అందరం ఆలోచించి చూస్తే నిజమే. మా హూటర్ మొదట ఆవిరి పట్టి రెండుసార్లు గరగరమనేది. పుట్టినప్పటినుంచీ వింటున్నాను, ఎప్పుడూ గమనించలేదు. ముసలామె తన కట్టు చేతిని చూసుకుని, "ఈ ఈలకా నేను చెయ్యి ఇరగ్గొట్టుకున్నింది!" అంది. ముందు ఆమే నవ్వింది. తరువాత తల్లులందరూ నవ్వారు. రీలు ముందుకు సాగి మేనేజరు బురదలో పడ్డప్పుడు పాప కూడా నవ్వింది.

సినిమా అయిపోయాక ఆఫీసరు వచ్చి పాప ముందు వంగి, తనకు వచ్చిన తెలుగులో అడిగారు. "ఏం పాపా, ఇది చిన్నపిల్లలు చూడొచ్చా?"

పాప బాగా ఆలోచించింది.

"చూడొచ్చు. అయితే ముందే చెప్పాల. అమ్మలు గూడా లోపలే కూసోవాల."

ఆ తరువాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ సినిమా అయినా ఇద్దరు పిల్లలను, ఇద్దరు తల్లులను పక్కన పెట్టుకుని, శబ్దంతోనే చూశాను. ఫారంలో పదకొండు ప్రశ్నల కింద నేనే పెన్సిలుతో పన్నెండోది గీసుకున్నాను: ఎవరితో కలిసి చూశారు? పైవాళ్ళు దాన్ని ఎప్పుడూ అచ్చు వేయలేదు, చెరిపేయనూ లేదు. చెంబు నీళ్ళ సినిమాను కూడా మళ్ళీ తెప్పించి వేశాను. పిల్లలు బెంచీల మీదినుంచి పడిపోయేలా నవ్వారు.

కానీ మీకు చెప్పాలనుకున్నది ఆ ఆదివారం తరువాత వచ్చిన శనివారం సంగతి. అదే సినిమా మళ్ళీ వేశాం. బెంచీలు గోడలకు నెట్టేసి తల్లులనూ లోపల కూర్చోబెట్టాం. ఇరుక్కుని ఇరుక్కుని కూర్చున్నారు. మూడో రీలుకు ముందు నేను లేచి చెప్పబోతే, పాప నాకంటే ముందే లేచి నిలబడింది.

"ఇప్పుడొకటి కూస్తాది. అది మనది కాదు. ఎవురూ లెయ్యొద్దు."

కూసింది. ఒకరిద్దరు తల్లులు పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. ఎవరూ లేవలేదు. మేనేజరు బురదలో పడ్డాడు, హాలు గొల్లుమంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చివరి రీలు నడుస్తుండగా నాలుగు గంటలయింది. బయట అసలు హూటర్ దగ్గి, కూసింది. నేను సినిమా వైపు చూడలేదు, పాపనే చూశాను. ఆమె వీపు బిగుసుకుంది, తల తలుపు వైపు తిరిగింది. అరికాళ్ళు నేలకు ఆనించి లేవబోయింది. లేవలేదు. పక్కనున్న పిల్లతో, "ఇది మనదే. టైముకే కూసింది" అని చెప్పి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

కాసేపటికి హాలు గుమ్మంలో వాళ్ళ నాన్న కనిపించాడు. ఒంటి మీద దుమ్ము కడుక్కోకుండానే, క్యారియరు చేత్తో పట్టుకుని వచ్చేశాడు. గేటు దగ్గర పాప లేకపోయేసరికి భయపడి పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. అన్ని తలల్లో కూతుర్ని వెతుక్కుని, సైగ చేసి పిలిచాడు. పాప చూసింది. అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించింది.

"ఉండు నాయనా, ఇంగా అయిపోలేదు."

ఆయన గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, సినిమా అయ్యేదాకా కూతురి కోసం కాచుకున్నాడు.